చివరి పేజీ అమ్మణ్ణి

బరంపురం పెద్ద బజారులో అమ్మణ్ణి అని పిలిస్తే ముగ్గురు నలుగురు పలుకుతారు. చివరి పేజీ అమ్మణ్ణి అని అడిగితే మాత్రం ఎవరైనా సరే వెంటబెట్టుకుని తీసుకెళ్ళి, చింతపండు బస్తాల కొట్టు వెనకున్న ఇంటి గుమ్మంలో వదిలిపెడతారు. ఆ పేరు ఆవిడకి ఊరికే రాలేదు, కష్టపడి సంపాదించుకుంది. చేతికి ఏ నవల వచ్చినా ముందు బోర్లా తిప్పి చివరి పేజీ చదువుతుంది. చదివి ఊరుకుంటే ఎవరికీ బాధ లేకపోను. ఆ నోట్లో నువ్వుగింజ నానదు.

గంజాం జిల్లా ఇంకా మద్రాసు రాజధానిలోనే ఉన్న రోజులవి. ఈ జిల్లా ఒరియా వాళ్ళదా, తెలుగు వాళ్ళదా అని మగవాళ్ళు సభలు పెట్టి గొంతులు చించుకునేవారు. పెద్ద బజారు ఆడవాళ్ళకి ఆ గొడవ పట్టలేదు. మద్రాసు నుంచి పోస్టులో వచ్చే నవలల పార్సెలు వేళకి వస్తే చాలు, జిల్లా ఎటు పోయినా వాళ్ళకి సమ్మతమే. పార్సెలు ఆలస్యమైతే మాత్రం ఆ పూట కూరలో ఉప్పు ఉండేది కాదు.

అమ్మణ్ణి పుట్టిల్లు పురుషోత్తంపూర్. తండ్రికి సంతవీధిలో చిల్లర కొట్టు. ఆడపిల్లకి బడి ఎందుకని పంపలేదు గాని, కొట్టులో కూర్చోబెట్టి పొట్లాలు కట్టడం నేర్పాడు. సరుకుల పేర్లు తెలియాలని అక్షరాలు కూడా దిద్దించాడు. ఆ అక్షరాలతో పిల్ల పొట్లం కాగితాల మీద పడింది. అన్నీ అచ్చు కాగితాలే, పాత పత్రికలు, అట్టలూడిన పుస్తకాలు. జీలకర్ర కాగితంలో ఒక రాజకుమారి కిటికీ తలుపు తెరిచి, కిందకి చూసి, కెవ్వుమని అరిచి... అంతే. కాగితం అక్కడికి చిరిగింది. ఎందుకు అరిచిందో తెలియాలంటే మిగతా సగం కావాలి. ఆ సగంలో మెంతులు కట్టి ఎవరికో ఇచ్చేశారు.

ఒకసారి అలాంటి సగం కాగితం కళ్ళ ముందే ఒక రైతు బండెక్కింది. పిల్ల ఊరి పొలిమేర దాకా బండి వెనకాల పరిగెత్తింది. రైతు పాపం మంచివాడు. పిల్లకి మెంతులు కావాలేమో అనుకుని బండి ఆపి గుప్పెడు మెంతులు చేతిలో పోసి, కాగితం మడిచి బొడ్లో దోపుకుని వెళ్ళిపోయాడు. మెంతులు పట్టుకుని ఏడుస్తూ ఇంటికొచ్చింది అమ్మణ్ణి. ఇలా పెరిగిన మనిషి చేతికి ఎన్నాళ్ళకో అట్టతో సహా నిండు పుస్తకం వస్తే ముందు ఏ పేజీ చూస్తుందో మీరే చెప్పండి. ఎవరో చింపేలోగా కొస చూసెయ్యాలన్న తొందర అది. పెద్దదయ్యాక కూడా ఆ తొందర పోలేదు.

మొగుడు వెంకటరమణమూర్తి మంచి వ్యాపారి. గిరాకీతో ఒరియాలో, దళారులతో తెలుగులో, కచేరీ వాళ్ళతో ముక్కలు ముక్కలుగా ఇంగ్లీషులో మాట్లాడేవాడు. పెళ్ళాంతో మాట్లాడే పని పడితే దగ్గేవాడు. ఆయనకి పుస్తకమంటే శేర్ల లెక్కన తూచి కొనే సరుకు. చదువుకోడానికి పుస్తకం కొనమని అమ్మణ్ణి పెళ్ళయిన కొత్తలో అడిగితే, "కొట్టులో బోలెడు కాగితం ఉంది కదా" అన్నాడు. వెటకారం కాదు, నిజంగానే అన్నాడు. ఆ మనిషిని ఏమని తిట్టగలం.

కనక అమ్మణ్ణికి ఈ లోకంలో పుస్తకం దొరికే చోటు ఒకటే, ఎదురింటి కన్నమ్మగారి పెరటి వసారా. కన్నమ్మగారి భర్త సోమేశ్వరరావు మద్రాసు నవలలకి చందా కట్టాడు. పేరు ఆయనది, చదివేది ఈవిడ. ఎండాకాలం మధ్యాహ్నాలు ఆ వసారాలో అప్పడాలు ఒత్తడం ఉండేది. కన్నమ్మగారు, ఆవిడ కొత్తకోడలు వాసవీకుమారి, అమ్మణ్ణి, ముగ్గురివీ మూడు పీటలు, మూడు కర్రలు. అక్కడొక కట్టడి. పీట ముందు కూర్చున్న మనిషి ఇప్పుడు ఏం చదువుతోందో, కథ ఎంతవరకు వచ్చిందో చెప్పాలి. చెప్పనిదే పిండి ఉండ ముట్టకూడదు. చదవకుండా వచ్చినవాళ్ళకి ఉండలు చేసే పని, ఒత్తే యోగం లేదు.

కన్నమ్మగారు చూడ్డానికి పెద్ద ముత్తయిదువ. నుదుట రూపాయంత బొట్టు, నోట్లో ఎప్పుడూ దేవుడి పేరు. చదివేవి మాత్రం హత్యల నవలలు. అవి కూడా ఆబగా చదవదు, తమలపాకు నమిలినట్టు రోజుకి కాసిని పేజీలు. ఆ ఏడు ఒక జమీందారు హత్య నవల పట్టుకుంది. చంపింది దివానే అని ఆవిడ అనుమానం. దివాను నడక, దివాను చూపు, దివాను ఉంగరం, రోజూ పీట ముందు అవే కబుర్లు. వాసవీకుమారి నోరు తెరుచుకుని వినేది.

"దివాను కాదు వదినా, వంటవాడు. పాయసంలో కలిపాడు" అంది అమ్మణ్ణి, ఉండ అందుకుంటూ.

కన్నమ్మగారి చేతిలో కర్ర ఆగిపోయింది. ఆ పూట ఆవిడ ఒత్తిన అప్పడాలు రొట్టెల మందాన వచ్చాయి. ఎండబెడితే ఎండవు, వేయిస్తే వేగవు. సాయంత్రం ఆవిడ అమ్మణ్ణి చెయ్యి పట్టుకుని వాసవి అమ్మవారి పటం ముందుకి తీసుకెళ్ళింది.

"దీపం మీద చెయ్యి పెట్టు. వంతు రాకుండా ఏ కథ కొసా చూడనని చెప్పు. చూశావని తెలిసిందో, ఈ వసారాలో నీకు పీట లేదు, పుస్తకం లేదు. ఏటి, వింటున్నావా?"

అమ్మణ్ణి చెయ్యి పెట్టింది. పెట్టక ఏం చేస్తుంది. పీట పోతే ఈ జన్మకి మళ్ళీ జీలకర్ర కాగితాలే గతి.

అమ్మణ్ణి ఒట్టు మీద కన్నమ్మగారికి నమ్మకం చాలలేదు. కొత్త పార్సెలు రాగానే ఆవిడ ఇంకో ఉపాయం చేసింది. భర్త గడ్డం కత్తి తీసుకుని, పుస్తకం కుట్టు తెంపి మూడు భాగాలు చేస్తానంది. మొదటిది, నడిమిది చేతులు మారుతూ ఉంటాయి. మూడోది అందరూ ఆ రెండూ చదివాకనే, అందరూ కూర్చున్నాక, పైకి చదవాలి. మధ్యాహ్నం గదిలోకి వెళ్ళి గడియ పెట్టుకున్న మనిషి దీపాల వేళకి బయటికొచ్చింది.

"దారం గట్టిగా కుట్టారు" అంది, ముక్కు చీదుతూ. కొత్త కాగితం దుమ్ము ఆవిడకి పడదట.

మూడో భాగం ఎక్కడ దాచాలన్నది తరవాతి ప్రశ్న. "నా దగ్గరుంటే రేపు నామీద మాటొస్తుంది. చదువు రాని మనిషి దగ్గరుండాలి" అంది కన్నమ్మగారు. పెద్ద బజారులో చదువు రాని వాళ్ళకేం లోటు లేదు గాని, అందరూ భయపడే మనిషి ఒక్కతే, అమ్మణ్ణి అత్తగారు ముసలమ్మ. ఆవిడకి చదువు రాదు, జాలి అంతకన్నా రాదు. పసుపుదారం కట్టిన కాగితాల బొత్తి ముసలమ్మ తలగడ కిందకి చేరింది.

"ఇది నీ ఇంట్లోనే ఉంటాది. నీకదే పరీక్ష" అని అమ్మణ్ణితో చెప్పింది కన్నమ్మగారు.

ఆ నవలలో కల్యాణి అనే అమ్మాయికి గోపీనాథం అనే కుర్రాడితో పెళ్ళవుతుంది. పారాణి ఆరకముందే వాడు సంపాదనకని రంగం ఓడెక్కుతాడు. రంగం అంటే రంగూనే. ఈ వైపు వాళ్ళెవరికీ ఆ మాట కొత్త కాదు. గోపాలపురం రేవులో ఓడ నిలిచిందంటే ఊళ్ళకు ఊళ్ళు ఖాళీ అయ్యేవి. మొదటి భాగంలో గోపీనాథం వెళ్ళాడు, నడిమి భాగంలో ఉత్తరాలు తగ్గాయి, తరవాత ఆగాయి. కల్యాణి రోజూ రేవుకెళ్ళి నిలబడుతుంది. రెండో భాగం అక్కడికి సరి.

ఈ కథకి ముగ్గురు చదువరులే గాని, వినడానికి నాలుగో మనిషి కూడా ఉంది. పొడంపేట నుంచి వచ్చే అమ్మడు. ఋషికుల్య సముద్రంలో కలిసే చోట బెస్తపల్లె అది. ఎండుచేపలు అమ్ముకుని, వెంకటరమణమూర్తి కొట్టులో చింతపండు, మిరపకాయలు కొనుక్కుని, సాయంత్రం రైలు దాకా కన్నమ్మగారి పెరటి మెట్టు మీద కూర్చునేది. అప్పడాలకి వాసన పడుతుందని చేపల బుట్ట సందు మొదట్లోనే పెట్టి రావాలి. కడిగేసిన బుట్టే, అయినా కన్నమ్మగారి నియమం అది. అమ్మడు ఏమీ అనుకునేది కాదు. దాని ధ్యాసంతా కథ మీద.

అమ్మడి మొగుడు పోతయ్య కూడా గోపాలపురంలో ఓడెక్కినవాడే. మొదట్లో డబ్బు, కబురు పంపేవాడు. రెండు మూడు వర్షాకాలాలుగా ఏదీ లేదు. అందుకని వచ్చిన ప్రతిసారీ మెట్టు మీద చతికిలబడి మొదట అదే అడిగేది.

"రంగం బాబు వొచ్చినాడా అమ్మా?"

"ఇంకా రాలేదే. కల్యాణి రేవులో నిలబడింది."

"నిలబడనీండి. సీత్రం... ఈ మగోల్లకి నీల్లు దాటితే నోరు పడిపోద్ది" అని, కొంగుతో మొహం తుడుచుకునేది అమ్మడు. నవ్వుతూనే అనేది. నవ్వు అయిపోయాక కొంగు మళ్ళీ కళ్ళ మీదికి పోయేది.

మరి అమ్మణ్ణి ఎన్నాళ్ళు ఆగింది? ఆవిడ మట్టుకు ఆవిడ చాలానే ఆగింది. తలగడ వైపు చూడకుండా గది తుడిచేది. కొస తెలియక తిన్నది అరగడం లేదని మొగుడితో చెప్పుకుంటే ఆయన వాము పంపించాడు. చివరికి ఒక మధ్యాహ్నం ముసలమ్మ గుర్రు పెడుతుంటే, అమ్మడి కోసమే కదా, పాపం ఆ పిల్ల అంత ఆరాటపడుతోంది కదా, అని తనకి తాను నచ్చజెప్పుకుంది. అబద్ధం. దురద ఆగలేదు, అంతే. తలగడ కింద నుంచి బొత్తి లాగింది, పసుపుదారం విప్పింది, గుమ్మం పక్కన గోడకి ఆనుకుని కూర్చుంది.

చివరి పేజీ ఒక్కటే చూద్దామనుకుంది. అందులో కల్యాణి ఇసుకలో నిలబడి పచ్చగొడుగు వేసుకుంది. గొడుగేమిటి? మొదటి రెండు భాగాల్లో గొడుగు ఊసే లేదు. వెనక పేజీకి వెళ్ళింది, ఇంకా వెనక్కి వెళ్ళింది, ఆఖరికి మొదలెట్టి మొత్తం చదివింది. గోపీనాథం రంగంలో కల్యాణి కోసం బర్మా కాగితపు గొడుగు కొన్నాడు, పచ్చది. కొన్న వారానికే జ్వరం తగిలి పోయాడు. ఓడలో గొడుగు వచ్చింది. తెచ్చినవాడు ఎవరో స్నేహితుడు.

అమ్మణ్ణికి ఏడుపు ఆగలేదు. ఇన్నేళ్ళుగా ఇన్ని కథల చివర్లు చూసింది, ఎవరు చచ్చినా చటుక్కున ఎదురింటికి పరిగెత్తి చెప్పాలనిపించేది. ఈ చావు మాత్రం ఎవరికీ చెప్పాలనిపించలేదు. పెరటి మెట్టు మీద అమ్మడు మొహమే కళ్ళలో మెదిలింది.

అంతలో ముసలమ్మ గుర్రు ఆగింది. "ఎవర్రా అది, ముక్కు సీదుతున్నారు?"

"పిల్లి, అత్తయ్యా" అంది అమ్మణ్ణి. అని, పిల్లి ముక్కు చీదదన్న సంగతి గుర్తొచ్చి, చేతిలో కాగితాలు పక్కనున్న దొంతరలోకి తోసేసింది. ముసలమ్మ మళ్ళీ పడుకున్నాక తీసి యథాస్థానంలో పెడదామనుకుంది. ఈలోగా పాత్రపూర్ నుంచి చుట్టాలు బండి దిగారు. వంట, వడ్డన, పక్కలు. కాగితాల మాట మరిచిపోయింది.

ఆ దొంతర ఏమిటో తెలుసా? కొట్టుకి పంపే పొట్లం కాగితాల దొంతర.

మర్నాడు అప్పడం ఒత్తుతుండగా గుర్తొచ్చింది అమ్మణ్ణికి. పొయ్యి మీద పాలున్నాయని చెప్పి, కర్ర పీట మీదే వదిలేసి లేచింది. వీధి గుమ్మం దాటి, నలుగురు మగవాళ్ళున్న కొట్టు ముందుకి పట్టపగలు వచ్చి నిలబడింది. పెద్ద బజారులో కోమటింటి ఇల్లాలు అలా రావడం అదే మొదలు. వెంకటరమణమూర్తి తక్కెడ వదిలేసి గట్టిగా దగ్గాడు.

"పొద్దున్న వచ్చిన కాగితాలేవి?"

"ఎక్కడుంటాయి, పొట్లాలు కట్టాం."

"ఎవరికి?"

ఆయన బజారు ఈ కొస నుంచి ఆ కొస దాకా చెయ్యి ఊపాడు. జీలకర్ర పురుషోత్తంపూర్ వెళ్ళింది. ధనియాలు పాత్రపూర్ బండిలో చుట్టాలతోనే వెళ్ళాయి. మిరియాలు ఎవరో ఒరియా వైద్యుడు పట్టుకెళ్ళాడు. గోపీనాథం చావు గంజాం జిల్లా అంతటా పోపుల డబ్బాల్లోకి చేరిపోయింది. వెతగ్గా వెతగ్గా ఇంగువ డబ్బా కింద ఒక్క కాగితం దొరికింది. ఆశగా తీసి చూస్తే బలం మాత్రల ప్రకటన. అమ్మణ్ణి కొట్టు మెట్టు మీదే కూలబడింది. పొలిమేర దాకా బండి వెనకాల పరిగెత్తిన పిల్లే మళ్ళీ, ఈసారి చేతిలో మెంతులు కూడా లేవు.

మూడో భాగం చదివే రోజు రానే వచ్చింది. కన్నమ్మగారు, వాసవీకుమారి తలలంటుకుని మరీ వచ్చి ముసలమ్మ మంచం ముందు నిలబడ్డారు. ముసలమ్మ తలగడ ఎత్తింది. చెయ్యి పెట్టి తడిమింది. "నేదు" అంది.

"లేకపోవడమేటి పిన్నీ? కాగితాల బొత్తి, పసుపుదారం కట్టి..."

"అట్టా నేదు, బుట్టా నేదు, చిరుగు కాయితాలు. కొట్టుకి పోయుంటాయి. పొట్లం కాయితం పొట్లానికి పోతే దానికింత మంది తలంటుకుని రావాలా?" అంది ముసలమ్మ. తానే ఇచ్చేసిందేమోనని ఆవిడకీ అనుమానంగానే ఉంది, పైకి అనదు. అమ్మణ్ణి తలుపు చాటున నిలబడి ఆ నింద అత్తగారి మీద పడనిచ్చింది. సిగ్గేసింది, అయినా నోరు విప్పలేదు.

వాసవీకుమారి ఏడుపు మొహం పెట్టింది. సోమేశ్వరరావుని ఇంకో పుస్తకం తెప్పించమంటే, ఒకే కథని రెండుసార్లు కొనే వెర్రివాణ్ణి కానన్నాడు. కన్నమ్మగారు మాత్రం అమ్మణ్ణిని పట్టుకుంది.

"నువ్వు చూడలేదు కదా?"

"లేదు వదినా."

"దీపం సాక్షిగా?"

"దీపం సాక్షిగా" అంది అమ్మణ్ణి. అంటూ గోడ వైపు చూసింది. విచిత్రం ఏమిటంటే, కన్నమ్మగారు కూడా అంతకు మించి రెట్టించలేదు. ఆవిడా ఇంకో గోడ వైపు చూసింది.

ఆ వారమంతా కొస తెలియని కథ పీటల మధ్య కూర్చుంది. అమ్మణ్ణికి జీవితంలో మొదటిసారి కొస తెలిసీ నోరు మూసుకోవలసి వచ్చింది. చెబితే చూసినట్టు తేలిపోతుంది. తేలితే పీట పోతుంది, పుస్తకం పోతుంది, మిగిలిన కాలమంతా చిరిగిన చోట ఆగిపోయే జీలకర్ర కథలతో గడపాలి. వంటచేసేటప్పుడు పోపుల డబ్బా మూత తీస్తే కూడా ఆవిడకి గోపీనాథమే గుర్తొచ్చేవాడు.

అమ్మడు వచ్చింది. ఈసారి బుట్ట సందు మొదట్లో పెట్టడం మరిచిపోయి నెత్తి మీదే పెట్టుకుని వచ్చేసింది. కన్నమ్మగారు చూసి కూడా ఏమీ అనలేదు. పిల్ల మొహం పీక్కుపోయి ఉంది.

"రంగం బాబు వొచ్చినాడా అమ్మా?"

"కథ పోయిందే అమ్మడూ. ఆఖరి కాగితాలు కొట్టులో పొట్లాలైపోయాయి" అంది వాసవీకుమారి.

అమ్మడు బుట్ట దింపింది. మెట్టు మీద కూర్చుని బుట్ట అల్లిక గిల్లసాగింది. ఆ వెర్రిపిల్ల మామూలుగా వాగుడుకాయ. అలా కూర్చుంటే చూడ్డం కష్టంగా ఉంది.

"మా ఊరికి నర్సన్న వొచ్చినాడమ్మా, రంగం నించి" అంది చివరికి. "ఊరంతటికీ ఏవో తెచ్చినాడు. మావోడి కబురు అడిగితే ఎరగనన్నాడు. అంత పెద్ద ఊల్లో ఎవుడికి ఎవుడు తెలుస్తాడని. నిజవే. కానీ నాకు రాత్తిరేల నిద్దర పట్టనేదు. కతలో బాబైనా వొచ్చినాడని తెలిస్తే ఓ ముద్ద ఎక్కువ తిందునని వొచ్చినాను. సర్లే. కాయితాలు పోతే మీరేటి సేత్తారు."

లేచి బుట్ట ఎత్తుకోబోయింది. రైలుకింకా చాలా పొద్దుంది. అయినా లేచింది.

అమ్మణ్ణి చేతిలో ఉండ అలాగే ఉంది. అమ్మవారి దీపం గుర్తొచ్చింది, పీట గుర్తొచ్చింది, పుస్తకాల అట్టల వాసన గుర్తొచ్చింది. పోతే పోయిందిలే అనుకుంది. అనుకున్నాక గుండె తేలికపడుతుందంటారు గాని అదేం లేదు, ఏడుపే వచ్చింది. మింగుకుని నోరు విప్పింది.

"వచ్చాడే."

అందరూ తలెత్తారు.

"గోపీనాథం వచ్చాడు. నేను చదివాను. అత్తయ్య పడుకున్నప్పుడు తీసి చదివాను. కాగితాలు దొంతరలో పెట్టిందీ నేనే, అత్తయ్య కాదు. కథ మాత్రం చివరిదాకా చదివాను. ఓడ వచ్చింది, వాడు దిగాడు. చిక్కిపోయాడు, జ్వరం పడ్డాడు, అందుకే ఉత్తరాలు రాయలేకపోయాడు. దిగాడు."

అమ్మడు బుట్ట పట్టుకుని అమ్మణ్ణి వైపు కాదు, కన్నమ్మగారి వైపు చూసింది. పెద్దావిడ, అబద్ధమాడని మనిషి. అమ్మణ్ణి మాట అమ్మణ్ణి మాటే, ఆవిడ ఔనంటేనే ఔను.

అమ్మణ్ణి కూడా చూసింది. ఇక తిట్లు మొదలవుతాయి, ఒట్టు తప్పిన దానా అని పీట తీసి బయట పడేస్తుంది అనుకుంది.

కన్నమ్మగారు ఉండ తీసుకుని పీట మీద పెట్టి, పిండి చల్లి, కర్ర ఆనించింది. ఒత్తుతూ, తల ఎత్తకుండా అంది.

"దిగాడు. చేతిలో పచ్చగొడుగు కూడానూ. పెళ్ళాం కోసం కొన్నాడట, బర్మా గొడుగు."

అమ్మణ్ణికి ఒక్క క్షణం అర్థం కాలేదు. అర్థమయ్యాక చేతిలో ఉండ జారి ఒళ్ళో పడింది. గొడుగు సంగతి తను చెప్పలేదు. గొడుగు ఉన్నది మూడో భాగంలోనే. గడియ పెట్టుకుని గడ్డం కత్తితో దారం కోస్తూ మధ్యాహ్నం నుంచి దీపాల వేళ దాకా ఈ మహాతల్లి చేసిన పనేమిటో ఇప్పుడు తెలిసింది. ముక్కు చీదడం దుమ్ము వల్ల కాదని కూడా తెలిసింది. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. చూసుకుంటే నవ్వొచ్చేదో, ఏడుపొచ్చేదో వాళ్ళకే తెలియదు.

అమ్మడు మళ్ళీ మెట్టు మీద కూర్చుంది. మోకాళ్ళ మీద గడ్డం ఆనించి కాసేపు ఆలోచించింది.

"గొడుగు తెచ్చినాడా" అంది నెమ్మదిగా. తరవాత దాని మొహంలోకి పాత నవ్వు వచ్చింది. "షోకైన మనిసే. మావోడికి అంత తెలివి నేదమ్మా, ఉత్త సేతులతోటే వొత్తాడు. వొస్తే సాల్లెండి. మేం గొడుగు కింద బతికే రకవేటి, నీల్లల్లో పుట్టినోల్లం. కలిసి తడుత్తాం."

వాసవీకుమారి లోపలికి వెళ్ళి పెద్ద విస్తరాకులో అన్నం తెచ్చి పెట్టింది. అమ్మడు తింది. అడిగి పెట్టించుకుని మరీ తింది. రైలు వేళకి లేచి, చింతపండు మూట బుట్టలో పెట్టుకుని, "కొత్త కత పట్టండమ్మా, మల్లీ వారం వొత్తాను" అని వెళ్ళిపోయింది.

అది సందు దాటేదాకా ముగ్గురూ తల ఎత్తకుండా ఒత్తారు. దాటాక వాసవీకుమారి కర్ర కింద పెట్టింది. కొత్తకోడలు, అత్తగారి ముందు ఎన్నడూ గొంతు పెంచనిది. కళ్ళల్లో నీళ్ళు తిరుగుతున్నాయి, కోపంతో.

"అయితే మీరిద్దరూ చదివేశారన్న మాట. దీపం, ఒట్టు, పసుపుదారం, అన్నీ నా ఒక్కదానికేనా అత్తయ్యా?"

కన్నమ్మగారు ఒత్తిన అప్పడాలు లెక్కపెట్టడం మొదలెట్టింది. అమ్మణ్ణి పిండి డబ్బా మూత సర్దింది, అవసరం లేకపోయినా.

"వచ్చే పుస్తకం కొయ్యొద్దులే వదినా" అంది అమ్మణ్ణి మెల్లగా.

"కోసీ ఏటి లాభం" అంది కన్నమ్మగారు. "నీ పీట నీకే ఉంటాది, నా పీట నాకే ఉంటాది. ఇంక ఆ ఊసొద్దు."

వాసవీకుమారికి తృప్తి కలగలేదు. ఆ పిల్లకి ఇంకా ఒకటి తెలియాలి. ఇద్దరినీ మార్చి మార్చి చూసింది.

"పోనీ, నాకు నిజం చెప్పండి. గోపీనాథం నిజంగా వచ్చాడా?"

సందు అవతల నుంచి అమ్మడు ఎవరితోనో ఒరియాలో బేరమాడుతూ పకపకా నవ్వడం వినిపించింది.

"వచ్చాడమ్మా" అన్నారు ఇద్దరూ, ఒకేసారి.

"ఒత్తు, ఒత్తు" అంది కన్నమ్మగారు. "పిండి ఆరిపోతోంది."